పరుగు వాళ్లది, టికెట్ ఎవరిది?

1951 మార్చి. ఢిల్లీ నేషనల్ స్టేడియం. తొలి ఆసియా క్రీడలు. మహిళల 100 మీటర్ల ఫైనల్లో జపాన్ అమ్మాయి కియోకో సుగిమురా 12.6 సెకన్లలో గీత దాటింది. ఆ వెనకే 12.8 సెకన్లలో మన రోషన్ మిస్త్రీ. ఆసియా క్రీడల్లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఇద్దరికీ తేడా 0.2 సెకన్లు. ఇంజినీరింగ్ చదివిన బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేసి చూశాను. ఆ వేగంలో 0.2 సెకన్లంటే సుమారు ఒకటిన్నర మీటరు. మనం పడుకునే మంచం పొడవు కూడా లేదు.

నోటిఫికేషన్లు, కటాఫ్‌లు, ఇంటర్వ్యూ టిప్స్ వచ్చే ఈ పేజీలో డెబ్బై ఏళ్లు దాటిన పరుగుపందెం గోల ఎందుకని మీకు అనిపించొచ్చు. ఆ అమ్మాయిల కథలో పరుగు సగమే. మిగతా సగం డబ్బు, ఉద్యోగం, ప్రాక్టీసుకు దొరికే టైమ్. అంటే మీరు రోజూ కొట్టుకుంటున్న సమస్యలే. పైగా అదే వారం, అదే స్టేడియంలో మన హైదరాబాద్ పేరు కూడా మోగింది. అయితే అమ్మాయిల వల్ల కాదు. ఎందుకు కాదు అన్నదే నా ప్రశ్న.

ముందు హైదరాబాద్ సంగతి చూద్దాం. 1951 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ 1–0తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాదీ. బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. ఇక్కడ ఆయన తయారుచేసిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిన జట్టది. అంత బలం ఎక్కడిది? రహీమ్ సాబ్ బుర్ర ఒక కారణం, కాదనను. దాంతోపాటు ఇంకోటి ఉంది. ఆ ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. ఒకటో తారీఖున జీతం వచ్చేది. బస్తీలో బంతి తన్నే కుర్రాడికి 'ఆట ఆడితే కూడు పెడుతుందా' అని అడిగే నాన్న నోరు మూయించే జవాబు ఆ యూనిఫామే.

సరిగ్గా అదే కాలంలో పరుగెత్తే అమ్మాయికి అలాంటి యూనిఫామ్ లేదు. ఈ నగరంలో మగపిల్లల ఫుట్‌బాల్‌కి దొరికిన పోలీస్ టీమ్ లాంటి గూడు ఆడపిల్లల పరుగుకి దొరకలేదు.

ఇక ఢిల్లీ ట్రాక్ మీదికి మళ్లీ వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948 లండన్ ఒలింపిక్స్‌కి జపాన్‌ను పిలవలేదు. మూడేళ్ల తర్వాత ఢిల్లీకి వచ్చిన జపాన్ అమ్మాయిలు మహిళల అథ్లెటిక్స్‌లో ఉన్న మొత్తం 9 స్వర్ణాలూ పట్టుకుపోయారు. 200 మీటర్లలో కిమికో ఒకమోటో గెలిచింది, మన మేరీ డిసౌజాకు కాంస్యం వచ్చింది. 4×100 రిలేలో జపాన్ తర్వాత రెండో స్థానం మనదే. ఆ జట్టులో రోషన్ మిస్త్రీ, మేరీ డిసౌజా, పాట్ మెండోన్సా ఉన్నారు. అప్పుడు మగవాళ్ల 100, 200 రెండూ గెలిచిన లెవీ పింటో కూడా బొంబాయివాడే. స్ప్రింట్‌లో ఆనాటి పేర్లు ఎక్కువగా బొంబాయి చుట్టూ తిరగడం యాదృచ్ఛికం అనుకోను. అక్కడి స్కూళ్లలో, క్లబ్బుల్లో ఆడపిల్లలు పరుగెత్తడం, హాకీ ఆడటం అప్పటికే మామూలు విషయం. మేరీ కూడా రెండూ ఆడింది.

మేరీ డిసౌజా బాంద్రాలో పుట్టింది. ఇంట్లో పన్నెండు మంది పిల్లలు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కి ఎంపికైంది. ఇప్పుడైతే ఎంపిక కాగానే విమానం టికెట్, కిట్, రోజు భత్యం, సోషల్ మీడియాలో శుభాకాంక్షలు. అప్పుడు ఎంపిక లెటర్ వచ్చింది గానీ ఖర్చులకు డబ్బు రాలేదు. స్నేహితులే పూనుకున్నారు. డ్యాన్స్ ఈవెనింగ్ పెట్టారు, పేకాట పోటీలు పెట్టారు, వచ్చిన డబ్బు పోగేశారు. ఈ రోజుల్లో క్రౌడ్ ఫండింగ్ అంటున్నామే, దాని పాత రూపం. ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి భారతీయ మహిళా అథ్లెట్లలో ఒకరి ప్రయాణం ఇలా మొదలైంది.

ఆ ఏడాది భారత్ నుంచి నలుగురు అమ్మాయిలు వెళ్లారు. ట్రాక్ మీద నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. ఈత కొలనులో డాలీ నజీర్, ఆరతీ సాహా. మేరీ 100, 200 రెండిట్లోనూ హీట్స్ దాటలేదు. హెల్సింకిలో 100 మీటర్లు గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి మార్జొరీ జాక్సన్ టైమ్ 11.5 సెకన్లు. మనకూ వాళ్లకూ తేడా మంచం పొడవు కాదు, గదులు గదులే. దీన్ని ఓటమి అని రాసుకోవచ్చు. నేనైతే అలా రాయను. ప్రయాణ ఖర్చులకు పేకాట పోటీలు పెట్టుకుని వెళ్లిన మనిషిని, ఏళ్ల తరబడి కోచ్, ట్రాక్, తిండి అన్నీ ఉన్న మనిషి పక్కన నిలబెట్టి స్టాప్‌వాచ్ నొక్కితే ఆ అంకె ఇద్దరి కాళ్ల గురించి మాత్రమే చెప్పదు. టైర్-3 కాలేజీ నుంచి వచ్చి, కోచింగ్ లేకుండా, రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ మీద కోడింగ్ టెస్ట్ రాసినవాళ్లకు ఈ మాట నేను విడమరచి చెప్పక్కర్లేదు.

రెండేళ్లు తిరిగేసరికి లెక్క మారింది. 1954 మేలో మనీలాలో రెండో ఆసియా క్రీడలు. 4×100 రిలేలో క్రిస్టీన్ బ్రౌన్, స్టెఫీ డిసౌజా, వయొలెట్ పీటర్స్, మేరీ డిసౌజా 49.5 సెకన్లలో స్వర్ణం గెలిచారు. ఆసియా క్రీడల్లో భారత మహిళలకు అదే తొలి బంగారు పతకం. 1951లో జపాన్ ఒక్కటి కూడా వదలని స్వర్ణాల్లోంచి ఒకటి మన చేతికొచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే రిలే గురించి మనలో చాలామందికి ఉన్న అభిప్రాయం తప్పు. నలుగురు వేగంగా పరుగెత్తేవాళ్లను వరసగా పెడితే రిలే అయిపోదు. అదే మనీలాలో వ్యక్తిగత 100 మీటర్లు గెలిచిన జపాన్ అమ్మాయి అత్సుకో నంబు టైమ్ 12.5. అంటే ఆసియాలోనే వేగవంతమైన మనిషిని నాలుగుసార్లు పరుగెత్తించి కూడితే 50 సెకన్లు. మన నలుగురి టైమ్ 49.5. ఒక్కొక్కరికి సగటున 12.4 కూడా పడలేదు. నలుగురూ ఛాంపియన్ కన్నా వేగంగా పరుగెత్తేశారా? లేదు. మొదటి అమ్మాయి మాత్రమే నిలబడ్డ చోటు నుంచి మొదలుపెడుతుంది. మిగతా ముగ్గురూ బ్యాటన్ అందుకునేసరికే కదలికలో ఉంటారు. ఆగిన స్కూటీని స్టార్ట్ చేయడానికీ, ఫ్లైఓవర్ మీద వెళ్తున్న స్కూటీని కొనసాగించడానికీ ఉన్న తేడా.

అయితే ఆ లాభం ఊరికే రాదు. వెనక నుంచి వచ్చే అమ్మాయి ఎక్కడికి రాగానే ముందున్న అమ్మాయి కదలాలో అంగుళాల లెక్కన కుదరాలి. తొందరగా కదిలితే బ్యాటన్ అందదు. ఆలస్యమైతే ఇద్దరూ ఢీకొంటారు. అప్పట్లో బ్యాటన్ మార్చుకునే జోన్ 20 మీటర్లు, ఇప్పుడు 30. చెయ్యి చాచిన అమ్మాయి వెనక్కి తిరిగి చూడదు. వెనకున్నామె తెచ్చి చేతిలో పెడుతుందని నమ్ముతుంది అంతే. ఇది వందసార్లు కలిసి చేస్తేగానీ రాదు. అంటే నలుగురు ఒకే చోట, ఒకే టైమ్‌కి, రోజూ గ్రౌండ్‌కి రాగలగాలి. ఒకరికి బస్సు లేదనో, ఒకరికి ఇంట్లో పంపరనో, ఒకరికి షిఫ్ట్ ఉందనో ఆగిపోతే ఆ 49.5 లేదు.

ఇంకో పాఠకుల బెంగ కూడా నాకు తెలుసు. 'ఇరవై నాలుగు దాటాయి, ఇక అయిపోయింది.' గ్యాప్ ఇయర్ రెండోది మొదలైతే ఈ మాట ఇంట్లో రోజూ వినిపిస్తుంది. ఆనాటి స్ప్రింట్‌కి రాణి నెదర్లాండ్స్‌కు చెందిన ఫానీ బ్లాంకర్స్-కోయెన్. 1948 లండన్‌లో ఆమె 100, 200, 80 మీటర్ల హర్డిల్స్, రిలే, మొత్తం నాలుగు స్వర్ణాలు గెలిచేసరికి వయసు 30. ఇద్దరు పిల్లల తల్లి. పిల్లల్ని చూసుకోక ఈ పరుగులేంటని ముందే తిట్టిపోశారు. వయసైపోయిందని రాశారు. రెండేళ్లు గడిచాక, 1950 బ్రసెల్స్ యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో మళ్లీ 100, 200, హర్డిల్స్ మూడూ గెలిచింది. అందరూ ఫానీలు కాలేరు, నిజమే. కానీ 'వయసైపోయింది' అని తీర్పు చెప్పేవాళ్లు తరచుగా స్టాప్‌వాచ్ చూడకుండానే చెబుతారు.

ఆ కాలంలో అమ్మాయిలకు ఇంకో విచిత్రమైన గీత ఉండేది. 1928లో 800 మీటర్ల పరుగు చూసి 'ఆడవాళ్ల ఒంటికి ఇది తట్టుకోలేనిది' అని తేల్చేశారు. అక్కడి నుంచి 1960 దాకా ఒలింపిక్స్‌లో 200 మీటర్లకు మించి మహిళలకు పోటీయే లేదు. 400 మీటర్లు వచ్చింది 1964 టోక్యోలో. ఆ తొలి 400లో మన స్టెఫీ డిసౌజా ఉంది. పదేళ్ల కిందట మనీలాలో బ్యాటన్ పట్టుకున్న స్టెఫీయే. మధ్యలో 1958 ఆసియా క్రీడల్లో 200 మీటర్ల రజతం, 1963లో అర్జున అవార్డు. మేరీ డిసౌజాకు ధ్యాన్‌చంద్ అవార్డు 2013లో ఇచ్చారు. మనీలా స్వర్ణానికి 59 ఏళ్ల తర్వాత, ఆమెకు 82 ఏళ్ల వయసులో. మన వ్యవస్థ ఆఫర్ లెటర్ పంపే స్పీడ్ అప్పుడూ ఇంతే అన్నమాట.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. 1951లో ట్రాక్ మీద లేని మన నగరం ఇవాళ స్ప్రింట్‌కి ముఖ్యమైన అడ్డా. కోచ్ నాగపురి రమేష్ దగ్గర ఇక్కడ శిక్షణ తీసుకున్న అమ్మాయిల పేర్లు చూడండి. ద్యుతీ చంద్ 2018 ఆసియా క్రీడల్లో 100, 200 రెండిట్లోనూ రజతాలు గెలిచింది (తర్వాత డోపింగ్ కేసులో నిషేధం పడింది, ఆ సంగతీ దాచక్కర్లేదు). వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి తల్లిదండ్రులు కూలీలు. 2024లో కోబెలో పారా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కొన్నేళ్లు ఇక్కడి హాస్టల్లో ఉండి శిక్షణ పొందింది. ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ స్వర్ణం ఆమెదే.

2025 మేలో కొరియాలోని గుమిలో జరిగిన ఆ ఆసియా ఛాంపియన్‌షిప్‌లోనే మహిళల 4×100 రిలేలో భారత్‌కు 43.86 సెకన్లతో రజతం వచ్చింది. ఆ నలుగురిలో ఒకరు తెలంగాణ అమ్మాయి గంధె నిత్య. 49.5 నుంచి 43.86. ఆ రోజుల్లో టైమ్ చేతి గడియారంతో తీసేవారు, అది అసలు టైమ్ కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది. అంటే నిజమైన తేడా ఇంకొంచెం ఎక్కువ. ట్రాక్ మారింది, షూ మారింది, తిండి మారింది. అన్నిటికన్నా ముఖ్యం, హాస్టల్ వచ్చింది. నలుగురు ఒకే చోట ఉండి రోజూ ప్రాక్టీసు చేసే ఏర్పాటు వచ్చింది.

సరే, ఈ పేర్లలో పాతబస్తీ ఎక్కడ?

పాతబస్తీ అమ్మాయిలు, ఆటలు అనగానే మనవాళ్లు నేరుగా బట్టల మీదికి వెళ్లిపోతారు. అది సోమరి వాదన. బహ్రెయిన్ అమ్మాయి రుఖయా అల్ ఘస్రా 2006 దోహా ఆసియా క్రీడల్లో తల నుంచి కాలి దాకా కప్పుకునే పరుగెత్తి 200 మీటర్ల స్వర్ణం గెలిచింది. కాబట్టి బట్టలు అడ్డు అనకండి. అడ్డు గ్రౌండ్, టైమ్, బస్సు. సింథటిక్ ట్రాక్ ఉన్న గచ్చిబౌలి స్టేడియం నగరానికి ఆ చివర. శాలిబండ నుంచో చాంద్రాయణగుట్ట నుంచో బయల్దేరి, బస్సులు మారి వెళ్లి, ప్రాక్టీసు చేసి, చీకటి పడ్డాక తిరిగొచ్చే పని ఒక డిగ్రీ సెకండియర్ అమ్మాయి వారానికి ఐదు రోజులు చేయగలదా? ఆమె మాట పక్కన పెట్టండి, మనం జిమ్‌కి ఎన్నాళ్లు వెళ్లాం?

కానీ పాతబస్తీలో గ్రౌండ్ లేదని కాదు. సిటీ కాలేజీ పక్కనే కులీ కుతుబ్ షా స్టేడియం ఉంది. హైకోర్టుకి నడిచి వెళ్లేంత దూరం. నా వాదన ఇక్కడ సూటిగా ఉంటుంది. కొత్త స్టేడియం కట్టమని అడగను, శంకుస్థాపన రాళ్లు మనకు సరిపడా ఉన్నాయి. ఉన్నచోటే వారానికి కొన్ని రోజులు, ఫిక్స్‌డ్ టైమ్‌లో, లైట్లు వేసి, ఒక మహిళా కోచ్‌ను పెట్టి అమ్మాయిల కోసం ట్రాక్ కేటాయించండి. టైమ్ బోర్డు మీద రాసి ఉంటే ఇంట్లో చెప్పడానికి అమ్మాయికి ఒక మాట ఉంటుంది. 'అక్కడ ఐదింటికి అమ్మాయిలే ఉంటారు అమ్మీ, మేడమ్ ఉంటారు' అనేది చిన్న వాక్యమే. కానీ చాలా గుమ్మాలు ఆ వాక్యానికే తెరుచుకుంటాయి. దీనికి కోట్లు అక్కర్లేదు. అధికారులు పూనుకుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు.

గ్రౌండ్ దొరికినా ఆ నాన్న ప్రశ్న మిగిలే ఉంటుంది: కూడు పెడుతుందా? 1950ల సిటీ పోలీస్ జట్టుకు ఉన్న జవాబు ఇవాళ అమ్మాయిలకూ ఉంది. పీటీ ఉష సదరన్ రైల్వే ఉద్యోగిగానే పరుగెత్తింది. దీప్తికి పారిస్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలతో పాటు గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. పతకం గెలవని మామూలు అథ్లెట్లకు కూడా స్పోర్ట్స్ కోటా దారి ఉంది. ఈ పేజీలో చెప్పాల్సిన అసలు విషయం ఇదే. చాలామంది ఇక్కడ అర్హత లేక కాదు, కాగితం లేక పోగొట్టుకుంటున్నారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు సర్టిఫికెట్ నిర్ణీత ఫారాల్లోనే ఉండాలి. అంతర్జాతీయ పోటీల్లో దేశం తరఫున ఆడితే ఫారం-1, సంతకం జాతీయ ఫెడరేషన్ కార్యదర్శిది. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, సంతకం రాష్ట్ర సంఘం కార్యదర్శిది. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో మీ యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3, సంతకం యూనివర్సిటీ స్పోర్ట్స్ డీన్ లేదా డైరెక్టర్‌ది. జాతీయ స్కూల్ గేమ్స్ అయితే ఫారం-4, అది రాష్ట్ర విద్యాశాఖ నుంచి రావాలి. గమనించారా? ఇంటర్ కాలేజ్ మీట్‌లో ఫస్ట్ వచ్చి, ఇంట్లో షోకేసులో పెట్టుకున్న కప్పుకి ఇందులో చోటు లేదు. ఆ మీట్ నుంచి యూనివర్సిటీ జట్టుకు ఎంపికై, ఇంటర్ యూనివర్సిటీలో పరుగెత్తితేనే లెక్క. చదువుతుండగానే ఈ మెట్టు ఎక్కాలి. డిగ్రీ అయ్యాక ఆ తలుపు మూసుకుంటుంది.

రెండో చిక్కు వయసు. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో సాధారణంగా 18 నుంచి 25 ఏళ్లే, ఏ వర్గానికీ సడలింపు ఉండదు. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే ఈ కోటాలో తీసుకునే పోస్టుల నోటిఫికేషన్లను చూస్తూ ఉండండి. ఏ పోటీలు, ఏ ఏడాది నుంచి ఆడినవి లెక్కలోకి వస్తాయో ప్రతి నోటిఫికేషన్‌లో విడిగా రాస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, దాని ఫారాలు, ప్రాధాన్య క్రమం వేరు. ఒకదాని కోసం తీసుకున్న సర్టిఫికెట్ ఇంకోదానికి పనికొస్తుందని ఊహించుకోవద్దు.

ఇక ప్రైవేటు వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. రెజ్యూమె చివర హాబీస్ కింద 'రన్నింగ్' అని రాస్తే ఎవరూ చూడరు. 'యూనివర్సిటీ తరఫున సౌత్ జోన్ 4×100 రిలే, మూడో లెగ్, ఏడాది, టైమ్' అని ఒక లైన్ రాయండి. ఇంటర్వ్యూలో టీమ్ వర్క్ గురించి అడిగితే, హ్యాకథాన్‌లో ముగ్గురి పని ఒక్కరే చేసిన కథ కన్నా బ్యాటన్ జారిన రోజు ఏం జరిగిందో చెబితే వినేవాళ్లు నిటారుగా కూర్చుంటారు.

యూనివర్సిటీ ట్రయల్స్ ఎప్పుడో మీ కాలేజీ నోటీస్ బోర్డు చెప్పకపోవచ్చు. ఫిజికల్ డైరెక్టర్ గదికి వెళ్లి అడగండి: ఇంటర్ కాలేజ్ అథ్లెటిక్స్ మీట్‌కి ఎంట్రీలు ఎప్పటిదాకా, ఆ తర్వాత యూనివర్సిటీ సెలక్షన్ ఎక్కడ, ఫారం-3 కోసం ఎవరిని కలవాలి. 100 మీటర్లకు ఒంటరిగా పేరివ్వడానికి బెరుకైతే, క్లాసులో ఇంకో ముగ్గురిని పట్టుకుని రిలేకి ఇవ్వండి.